పరదేశ విద్యాసేవ

పరదేశములకేగి గ్రామపాఠశాలలు నిర్మించి, విద్య గఱపుటకు మన యువకులు ముందునకు వచ్చుట మాకు ముదావహము. కాని సేవకు సెలవుదినములు చాలవు. 1961లో అమెరికా శాంతిదళము ఘనాకు బంపిన యుపాధ్యాయులు రెండేండ్ల గడువునకు వెళ్లిరి. పక్షము దినములుండి, గోడ కట్టి, ఛాయాచిత్రము తీయించుకొని మరలువారివలన నేమి ప్రయోజనము? ఆ గోడను ఊరి తాపీమేస్త్రి యంతకంటె చక్కగా గట్టును. అతని కూలి నేల పోగొట్టవలెను?

స్వదేశమందే యిట్టి యనుభవము గలదు. 1917లో చంపారన్ గ్రామములందు గాంధీమహాత్ముడు పాఠశాలలు తెఱపించెను. సేవకులు తాత్కాలికముగ వచ్చినవారగుటచే ఆ పని స్థిరపడలేదని ఆయనయే ఆత్మకథలో నొప్పుకొనెను.

కావున పోవువారు ఆ యూరి భాష నేర్చి, గ్రామసంఘమునకు లోబడి, స్థానికోపాధ్యాయులకు దోడ్పడవలెను. తాము వెడలిన మఱునాడును బడిగంట మ్రోగినచో, అదియే సేవ యని మా నిశ్చయము.