చిన్న పడవతో మొదలిడుడు

కొయ్యతో చారిత్రక నౌకల నమూనాలు నిర్మింపగోరువారి దృష్టి మొట్టమొదట ‘విక్టరీ’ వంటి మహానౌకపైననే పడును. 1765లో జలప్రవేశము చేసి, 1805లో ట్రఫాల్గర్ యుద్ధమున బ్రిటిషు నౌకాసేనాని నెల్సన్‌కు ధ్వజనౌకయై, నేడు పోర్ట్స్‌మత్ రేవులో పరిరక్షింపబడుచున్న ఆ ఓడ, నూరింటికి మించిన ఫిరంగులతోను, దాదాపు 42 కిలోమీటర్ల త్రాళ్ళతోను చూపరుల చూపును మరలనీయదనుట సత్యమే. కాని దానితో అభ్యాసమారంభించుట, గుణింతము రానివాడు ప్రబంధరచనకు పూనుకొనుట వంటిదని నా నిశ్చితాభిప్రాయము.

నేనును ఒకప్పుడు అట్లే పూనుకొంటిని. అడ్డచట్రములను వెన్నుకర్రపై నిలిపి, ఉత్సాహాతిశయమున ఒక ప్రక్క బద్దలన్నిటిని ఒకే వారములో అతికించి, రెండవ ప్రక్కకు మరలునప్పటికి వెన్నుకర్ర మెలితిరిగి యుండెను. నీటిలో నానిన బద్ద ఆరుచు కుంచించుకొనును. ఆ లాగుడు ఉభయపార్శ్వములందు సమముగా నుండవలెనన్న, కుడివైపున నొకటి, ఎడమవైపున నొకటి చొప్పున అతికించుచు పోవలెను. బద్దను నానబెట్టి, వంచి, కట్టి, పూర్తిగా ఆరనిచ్చిన పిమ్మటనే జిగురు పూయవలెను. తడిమీదనే అతికించినచో ఆరిన తరువాత సందులు విచ్చును. అంతకంటె సూక్ష్మమైనది మరియొకటి కలదు. ఓడ నడుమ విశాలమై ముక్కువద్ద సన్నగిల్లును గనుక, ప్రతి బద్దను కొనవైపునకు క్రమముగా సన్నముగా చెక్కుకొననిచో, అవి ఒకదానిపై నొకటి ఎక్కి వెలుపలికి పొంగును. ఈ సంగతులు పుస్తకము చదివిన తెలియవని కాదు; తెలిసినను చేతికి రావు. చేతికి వచ్చుటకు కనీస మొక పడవ పూర్తి కావలెను. పూర్తి యగుటకు అది చిన్నదై యుండవలెను.

అందుచేత మొదటిసారి చేయువారికి నేను సూచించునది డోరీ యను చేపలపడవ. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున, ఆమ్స్‌బరీ పట్టణములో, మెర్రిమాక్ నదీతీరమున 1793లో వెలసిన లోవెల్ పడవల కర్మశాల ఈ డోరీలకు ప్రసిద్ధి. న్యూఫౌండ్‌లాండ్ సమీపమునందలి గ్రాండ్ బ్యాంక్స్ మత్స్యక్షేత్రమునకు పోవు స్కూనర్లను తెరచాప ఓడలు ఈ పడవల అడ్డబల్లలను ఊడదీసి, ఒకదానిలో నొకటి గిన్నెలవలె దొంతిపెట్టి, డెక్కుపై మోసికొనిపోయెడివి; అచ్చట దింపిన ఒక్కొక్క పడవలో ఇద్దరేసి జాలరులు కాడ్ చేపల వేటకు బయలుదేరెడివారు. దానికి చదునైన అడుగు, ఇరుప్రక్కల కొద్దిపాటి పలకలు, అంతే. ఫిరంగులు లేవు, త్రాళ్ళ చిక్కు లేదు. అయినను ఇరువదినాలుగవ వంతు పరిమాణమున చేసినచో, అందు కూర్చుండవలసిన మనిషి మూడంగుళములైనను ఉండడు, తెడ్డుకాడ అగ్గిపుల్లంత యుండును. అరమిల్లీమీటరు తప్పు నిజమైన పడవలో దాదాపు అరంగుళపు తప్పగును. చిన్నపడవ సులభమైనదేగాని, అలక్ష్యము చేయదగినది కాదు. యుద్ధనౌకయే చరిత్రయనియు, కడుపుకూటికై కడలికి పోయిన వాని పడవ చరిత్ర కాదనియు తలచువారిని చూచిన నాకు బాధ కలుగును.

ఆ మాటకు వచ్చినచో మన కోరమాండల్ తీరమున మసూలా పడవ కలదు. మేకు లేక, లోపల చట్రము లేక, పలకలను కొబ్బరినార త్రాటితో కుట్టి చేసిన ఆ పడవ, అలల తాకిడికి బిగిసి నిలిచి విరుగక, వంగి సర్దుకొనెడిది. మదరాసునకు రేవు నిర్మింపబడకమునుపు దూరమున లంగరు వేసిన ఓడలనుండి ప్రయాణికులను, సరకులను ఒడ్డునకు చేర్చినది ఈ పడవయే. డోరీని ముగించిన చేతికి దీనికంటె తగిన రెండవ పని నాకు కనబడదు. అంగళ్ళలో అమ్ము నమూనా సామగ్రి పెట్టెలలో దీనిని నేనింతవరకు చూడలేదు. తీరమునందెల్లెడల ఫైబరు పడవలు వచ్చి, కొయ్యపడవలు నానాటికి అరుదగుచున్నవి. కావున పాఠకులారా, సముద్రతీర గ్రామములలో మీకు బంధువులో, మిత్రులో ఉన్నచో, అచ్చట పాత కుట్టుపడవ యొక్కటియైనను ఇసుకపై మిగిలియున్నచో, కొలత టేపు తీసికొని పోయి, దాని పొడవు, వెడల్పు, పలకల సంఖ్య, కుట్టునకు కుట్టునకు నడిమి దూరము శ్రద్ధగా వ్రాసికొని రండు.