ఎవరి దినచర్య?

ఇంగ్లీషు మాధ్యమమును గూర్చిన వాదప్రతివాదములతో మన తెలుగు రాష్ట్రములు రెండును కొన్ని యేండ్లుగా మార్మ్రోగుచున్నవి. ఆంధ్రప్రదేశమున 2019లో వెలువడిన ప్రభుత్వపు టుత్తర్వును 2020 ఏప్రిలులో హైకోర్టు కొట్టివేసెను. అయినను తెలుగును ఇంగ్లీషును ఎదురెదురు పుటలలో నచ్చొత్తిన ద్విభాషా వాచకములు బడులకు వచ్చినవి. తెలంగాణమున 2022-23 విద్యాసంవత్సరమునుండి ప్రభుత్వ పాఠశాలలలో ఇంగ్లీషు మాధ్యమము మొదలయ్యెను. ఏ మాధ్యమము మేలన్న వివాదమును నేడిక్కడ త్రవ్వబోము. మాధ్యమ మేదైనను పల్లెబడి బిడ్డకు ఇంగ్లీషు నేర్వక తప్పదు. ఆ నేర్చుకొనుటలో తొలుదొలుత వచ్చు పాఠములలో దినచర్య యొకటి. ప్రొద్దున లేచినది మొదలు రాత్రి పండుకొనువరకు తాను చేయు పనులను బిడ్డ చెప్పుట. ఇంత చిన్న విషయమునకు సంపాదకీయ మేలయని యెవరైన నడుగవచ్చును. ఈ చిన్న పాఠమునందే పెద్ద పొరపాటొకటి జరిగిపోవుచున్నదని మా నమ్మకము.

మిరపతోటల నడుమనున్న యొక పల్లెబడిలో ఆఱవ తరగతి యింగ్లీషు పాఠమును వినుట మాకు తటస్థించెను. ఒక బాలిక లేచి, తడబడక, "ఐ గెట్ అప్ ఎట్ సెవెన్ ఓ క్లాక్. ఐ బ్రష్ మై టీత్. ఐ హావ్ బ్రెడ్ అండ్ మిల్క్" అని గడగడ యప్పగించెను. ఉపాధ్యాయిని మెచ్చుకొనెను. మేము తెలుగున, "అమ్మా, నిజముగా నీవెన్ని గంటలకు లేతువు?" అని యడిగితిమి. "అయిదింటికండీ. పంపు ఆగిపోకముందే బిందెలు పట్టాలి" అని యా బిడ్డ చెప్పెను. పిమ్మట వాకిలి యూడ్చి కళ్ళాపి చల్లి ముగ్గు పెట్టునట. తల్లి కూలికి పోవునాడు తమ్మునకు చద్దన్నము పెట్టి బడికి తోడ్కొనివచ్చునట. రొట్టెయు పాలును ఎక్కడివని యడిగినచో నవ్వి, "అది పాఠంలోదండీ" అనెను.

ఆ మాట మా చెవిలో నింకను వినబడుచున్నది. ఆ బాలిక నేర్చినది ఇంగ్లీషు కాదు. ఇంగ్లీషునందు మాటాడునపుడు తన బ్రతుకును గుమ్మము వెలుపల విడిచి రావలెనన్న సంగతి. "నేను" అను మాటను నోట పలుకుచు మఱియొకరి దినమును చెప్పుట కామె యలవాటుపడినది. ఇట్లు నేర్చిన భాష పరీక్షవ్రాత కుపయోగించునేమో గాని, ఱేపు ఆసుపత్రిలోనో కచేరిలోనో ఎవరైన "నీ వేమి పని చేయుదువు?" అని యింగ్లీషున నడిగినపుడు నోరు పెగలనీయదు. అప్పగించుటకు పాఠ మచ్చట నుండదు గదా!

ఫ్రాన్సుదేశీయుడైన గువేన్ అను లాటిను ఉపాధ్యాయు డొకడు జర్మను భాష నేర్వగోరి హాంబర్గు నగరమునకు పోయెను. వ్యాకరణమును వల్లించెను, ధాతువులను వల్లించెను, తుదకు నిఘంటువునే కంఠస్థము చేసెను. ఎదుటివా డాడిన మాట యొక్కటియు నర్థము కాలేదు. విసిగి యిల్లు చేరునప్పటికి మూడేండ్ల ప్రాయపు మేనల్లుడు మాతృభాషలో గలగల మాటాడుచుండెను. ఆ బాలుడొకనాడు పిండిమర చూచివచ్చి, కొంతసే పాలోచనలో మునిగి, పిదప తాను చూచినదెల్ల వరుసతప్పక యింటివారి కందఱికి మరల మరల చెప్పసాగెను. చూచినదానిని, చేసినదానిని, జరిగిన వరుసలో చెప్పుటయే భాష నేర్చుమార్గమని గువేన్ అప్పుడు గ్రహించి, 1880లో ఆ పద్ధతిని గూర్చి గ్రంథము ప్రకటించెను. లేచుట, తలుపు తీయుట, నీరు తోడుట మొదలగు పనుల వరుసలను పాఠములుగా చేయు సంప్రదాయమునకు బలమైన మూలములలో నది యొకటి. ఆ బాలుడు చెప్పినది తాను స్వయముగా చూచిన మరను. మన వాచకములు వరుసను మాత్రము పట్టుకొని మరను విడిచినవి.

దూరదేశమునకు పోనక్కఱలేదు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల నోట విని సవరభాష నేర్చిరి. వారి బిడ్డల కాభాషలోనే వాచకములు కూర్చిరి. నోట నాడు మాటనుండియే చదువు మొదలు కావలెనని జీవితాంతము పోరాడిరి. ఇట్టి గ్రాంథికమున వ్రాయుచు మేమాయనను తలచుకొనుట చూచి పాఠకులు నవ్వుకొందురేమో; నవ్వుకొననిండు.

ఇక బోధనమందలి చిక్కు లున్నవి. వానిలో ముఖ్యమైనది కాలము. "ఐ గెట్ అప్" అనుదానిని మన బడులలో "ప్రెజెంట్ టెన్స్" అందురు. ప్రెజెంటనగా వర్తమానమని చెప్పుదురు. వర్తమానమనగా "లేచుచున్నాను" అని బిడ్డ యెరుగును. కనుక ప్రతిదినము చేయు పనిని చెప్పుమన్నపుడు "ఐ యామ్ గెటింగ్ అప్ డైలీ" అని వచ్చును. తప్పు బిడ్డది కాదు, పేరుది. చిన్నయసూరి బాలవ్యాకరణమున భూత భవిష్యద్వర్తమానములతోపాటు తద్ధర్మమను నాల్గవది యున్నది. "సూర్యుడు తూర్పున నుదయించును", "ఆవు గడ్డి మేయును" అనునవి యట్టివి. అలవాటును, స్వభావమును చెప్పునవి. దినచర్యకు వాడు ఇంగ్లీషు క్రియ సరిగా ఇదియే. నేటి వాడుకలో "లేస్తాను" అను నొక్క రూపమే రోజు లేచుటకును ఱేపు లేవబోవుటకును చెల్లుచున్నది గనుక, "రోజూ లేస్తాను", "రేపు లేస్తాను" అను రెండింటిని నల్లబల్లపై ప్రక్కప్రక్కన వ్రాసి, మొదటిదానికి "ఐ గెట్ అప్", రెండవదానికి "ఐ విల్ గెట్ అప్" అని చూపిన చాలును. పది నిమిషముల పని. ఇంగ్లీషు గంటలో తెలుగు వినబడరాదను పంతము వలన నీ పది నిమిషములు దొరకక, ఏండ్లకొలది తప్పు నిలిచిపోవుచున్నది.

మఱియొకటి. మనకు "కు" ప్రత్యయము బడికిని చెల్లును, అయిదు గంటలకును చెల్లును. ఇంగ్లీషున బడికి "టు", గంటకు "ఎట్". ఇది సూత్రముగా చెప్పిన నెక్కదు. "ఐ గో టు స్కూల్ ఎట్ నైన్" అను నొక్క వాక్యమును ప్రతిబిడ్డయు తన గంటతో నాల్గు దినములు చెప్పిన నెక్కును. తల్లిని గూర్చి చెప్పించినచో "గెట్స్" అను సకారము దానంతట వచ్చును. అమ్మ లేస్తుంది, గేదె లేస్తుంది అని మన క్రియ రెండింటి కొక్కటియే. ఇంగ్లీషున ఒకరు "షి", ఒకటి "ఇట్" అను భేదమును గేదె యున్న యింటి బిడ్డ నవ్వుచు నేర్చుకొనును.

కళ్ళాపికి ఇంగ్లీషు మాట యేదని యుపాధ్యాయు లడుగుదురు. మాట లేకున్న వాకిట నీళ్ళు చల్లుదునని చెప్పవచ్చును. ముగ్గును ముగ్గనియే యుంచవచ్చును. ఆ భాష మన మాటలను పెక్కింటిని పూర్వమే పుచ్చుకొన్నది. పందికొక్కునకు వారు వాడు "బాండికూట్" మనదే.

దీనికొక యాక్షేపణ గలదు, అది తోసిపుచ్చరానిది. తన యింటి సంగతి నలువదిమందిలో చెప్పుట కందఱు బిడ్డలు నిష్టపడరు. తండ్రి త్రాగివచ్చు నిల్లుండును. రాత్రి కూడు లేని యిల్లుండును. వసతిగృహమున గంట మ్రోతకు లేచు బిడ్డకు అమ్మను గూర్చి చెప్పుమనుట పుండుపై కారమగును. నిజము చెప్పించుమని మే మనుట యెవరి గుట్టును బయట పెట్టుమని కాదు. ఉపాధ్యాయుడు మొదట తన దినమును తాను చెప్పవలెను. బిడ్డలు ఇద్దరిద్దరుగా కూర్చుండి తమలో తాము చెప్పుకొనవలెను. ఇష్టము లేనివాడు తన గేదె దినచర్యనో, ఊరి బస్సు కండక్టరు దినచర్యనో చెప్పుగాక. అదియు వాడు కన్నులార చూచినదే.

రొట్టె, పాలు, స్నానపుగది మొదలగు మాటలు మాత్రము వలదా యని యందురు. వలయును. కాని రెండవ పాఠమున వలయును. తన దినమును చెప్పగలిగిన బిడ్డకు పట్టణపు బాలుని దినము వింతగా, ప్రశ్నలడుగ దగినదిగా తోచును. ఏడింటికి లేచువాని కెవరు నీళ్ళు పట్టుదురని ఆ మిరపతోటల బాలిక తప్పక యడుగును. ప్రశ్నవాక్యము నేర్పుట కింతకన్న మంచి సమయము దొరకదు.

పాఠ్యపుస్తకములు కూర్చువారి నొకటి కోరుచున్నాము. దినచర్య పాఠమున గడియారపు బొమ్మలు వేయుడు. ముండ్లు మాత్రము వేయకుడు. క్రింద నాల్గు గీతలు ఖాళీగా నుంచుడు. అయిదో, ఏడో, ఆ ముండ్లను బిడ్డ పెట్టుకొనును.