వీరపాత్రయందు ధర్మసంకటము

అమెరికాలో 1974లో వెలువడిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను పాత్రధారణ క్రీడలో మరుసటి యేటినుండి ‘పాలడిన్’ అను ధర్మయోధుని పాత్ర కలదు. తొలి నియమముల ప్రకారము ఆ యోధుడు కట్టుబాటు తప్పి ఒక్క కార్యము చేసినను ఆ స్థానమును శాశ్వతముగా కోల్పోవును. ఈ నియమము పాత్రకు గాంభీర్యము నిచ్చునదే. కాని ధర్మమును శిక్షాభయముగా కుదించుచున్నది.

పలనాటి వీరగాథ ఇంతకంటె లోతైనది. యుద్ధమునకు పోవుచు బాలచంద్రుడు మిత్రుడైన అనపోతును బ్రతికింపగోరి, ఒక మిషపై వెనుకకు పంపెను. ఆ వంచన నెరిగిన అనపోతు ప్రాణత్యాగము చేసెను. అసత్యమునకు మూలము స్నేహము, ఫలము మిత్రనాశము. ఇచ్చట పదవీభ్రంశము లేదు, మోయవలసిన దుఃఖమే కలదు. గాథ తీర్పు చెప్పదు, శ్రోతకే విడుచును.

అలిసెట్టి గాలెయ్య పాడిన పాఠమును జీన్ రోఘైర్ ఆంగ్లీకరించి 1982లో ప్రకటించెను. కారెంపూడిలో కార్తిక అమావాస్యతో మొదలగు వీరుల ఉత్సవమున ఆ కథ నేటికిని ఆచారమై నిలిచియున్నది. ధర్మవీరుని పాత్రకు గీటురాయి నిష్కళంకత కాదు. సదుద్దేశముతో చేసిన తప్పు నెదుట అతడు నిలుచు తీరు. క్రీడానియమములను కూర్చువారికిని, వీరగాథలను పరిశీలించువారికిని ఇది సమానముగా గ్రాహ్యము.