టులెట్ బోర్డు కింద రెండు రాజధానులు



రోస్టర్ పాయింట్ల గురించి పోయిన భాగంలో సగంలో ఆపాను. అది ఇంకో వారం ఆగుతుంది. మా ఇంట్లో నెల రోజులుగా ఒకటే పంచాయితీ నడుస్తున్నది: హైదరాబాద్‌లో ఉండాలా, విజయవాడ పోవాలా?

నా సహచరిది గుంటూరు జిల్లా. నర్సు. విజయవాడలో ఒక ప్రైవేటు ఆస్పత్రి వాళ్ళు ఇక్కడికంటే ఎనిమిది వేలు ఎక్కువిస్తామన్నారు. నాది నల్లగొండ వైపు ఊరు. తెలుగులో డాక్టరేట్ చేసి, ఏడాదికి పది నెలల జీతమిచ్చే ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నవాణ్ణి. గడ్డిఅన్నారంలో రెండు గదుల ఇల్లు. పాప మూడో తరగతి.

ఈ సంగతి స్టాఫ్‌రూమ్‌లో చెప్పడం నాదే తప్పు. ఒక సీనియర్ మిత్రుడు వెంటనే తెల్లకాగితం తీసి నడిమధ్య గీత గీశాడు. ఇటు హైదరాబాద్, అటు విజయవాడ–అమరావతి. ట్రాఫిక్, నీళ్ళు, స్కూళ్ళు, ఎండ, మెట్రో, గజం రేటు. అన్నిటికీ మార్కులు వేసి, "పెరిగే ఊళ్ళో ముందే దూరాలి సార్. హైటెక్ సిటీ అప్పుడు మనం మిస్సయినం, అమరావతి మిస్ కావద్దు" అన్నాడు. మంచివాడే. ఆయన తాతకు కూడా భూమి ఉంది, ఆయనకూ ఉంది. ఆ "మనం"లో నేను ఎప్పుడున్నానో మాత్రం అర్థం కాలేదు.

ఆ కాగితంలో ఒక గడి లేదు. ఇల్లు అద్దెకు అడిగితే మొదటి ప్రశ్న ఏమిటన్నది.

గడ్డిఅన్నారంలో ఆ ప్రశ్న "మీరేమోళ్లు సార్?" విజయవాడలో అదే "మీరేవిట్లండీ?" యాస మారింది, అంతే. తెలుగు పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి మాండలిక భేదం మీద ఒక వ్యాసం రాసుకోవచ్చు. సూటిగా అడగలేని మర్యాదస్తులు ఇంటిపేరు అడుగుతారు. ఇంకా మర్యాదస్తులు "వెజ్జా, నాన్‌వెజ్జా?" అంటారు. మరీ చదువుకున్నవాళ్ళు ఊరు అడిగి, ఊళ్ళో ఎవరి వాడ పక్కన అని అడుగుతారు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. ఆరేళ్ళ కింద ఈ ఇల్లు దొరకడానికి ముందు దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట కలిపి పదకొండు ఇళ్ళు చూశాను. నాలుగు చోట్ల కులం చెప్పాను. నాలుగు చోట్లా "చుట్టాలు వస్తున్నరు, ఇల్లు ఇస్తలేం" అన్నారు. అయిదో చోట నోరు మూసుకున్నాను. ఈ ఓనర్ మా ఊరి పేరు విని, అక్కడ ఆయనకు తెలిసిన ఒక పెద్ద కుటుంబం పేరు చెప్పి, "వాళ్ళ సుట్టాలా?" అన్నాడు. నేను నవ్వాను. ఆ నవ్వు మీద ఆరేళ్ళుగా అద్దెకుంటున్నాం.

ఆ నవ్వు ఖరీదు ఏంటో మా ఇంట్లో వాళ్ళకు తెలుసు. ఆదివారం పెద్దకూర వండితే వంటింటి కిటికీ మూయాలి. అంబేద్కర్ ఫొటో హాల్లో కాదు, పడకగదిలో బీరువా పక్కన. వేదికల మీద ఆత్మగౌరవం గురించి మైకు పగిలేలా మాట్లాడి, మెట్లెక్కేటప్పుడు నీలం కండువా మడిచి బ్యాగులో పెట్టుకుంటాను. ఇది రాయడానికి నాకు ఆరేళ్ళు పట్టింది. మీలో నవ్వేవాళ్ళు నవ్వండి. హాస్టళ్ళలో, షేరింగ్ రూముల్లో ఇదే నవ్వు నవ్వి బతుకుతున్నవాళ్ళు ఎంతమందో నాకు తెలుసు.

రెండు నగరాల్లోనూ బాబాసాహెబ్ ఉన్నాడు. హైదరాబాద్‌లో 2023 ఏప్రిల్ 14న 125 అడుగుల విగ్రహం పెట్టారు. విజయవాడ స్వరాజ్ మైదానంలో 2024 జనవరి 19న 125 అడుగుల విగ్రహమే, ఇంకా ఎత్తైన పీఠం మీద పెట్టారు. హైదరాబాద్‌లో సెక్రటేరియట్‌కు కూడా ఆయన పేరే. ఎవరి విగ్రహం ఎత్తు అని రెండు ప్రభుత్వాలు పోటీ పడ్డాయి. నేను వద్దనడం లేదు, రెండు చోట్లా పోయి దండం పెట్టినవాణ్ణే. కానీ ఆ విగ్రహం మనిషికి ఏం జరిగిందో ఒక్కసారి గుర్తు చేసుకోండి. 1917లో కొలంబియాలో చదివి వచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి చేరాడు. ఉండడానికి ఇల్లు దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరు పెట్టుకుని దాక్కున్నాడు. పదకొండో రోజు కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టారు. స్నేహితులను అడిగితే వాళ్ళూ తప్పించుకున్నారు. రైలు వేళ దాకా పార్కులో కూర్చుని బొంబాయి వెళ్ళిపోయాడు. నా నవ్వుకు, ఆ పార్సీ పేరుకు నూరేళ్ళ దూరం ఉంది. ఇంకా అదే గుమ్మం దగ్గర ఉన్నాం.

అదే 1917 నవంబరులో హైదరాబాద్ మనిషి భాగ్యరెడ్డి వర్మ బెజవాడ పోయాడు. అక్కడ పంచమ మహాసభకు అధ్యక్షుడు. మేం పంచములం కాదు, ఆది ఆంధ్రులం, ఈ నేలకు మొదటి మనుషులం అని ఆ సభ తేల్చింది. అంటే ఈ రెండు ఊళ్ళ మధ్య మనకు ఒక దారి రాజధానుల గొడవకంటే ముందే ఉంది. రియల్ ఎస్టేట్ బ్రోచర్లలో అది కనపడదు.

"నగరానికి కులం ఉండదు" అనే మాట వింటే నాకు ఇప్పుడు ఒళ్ళు మండుతుంది. అమరావతి సంగతే చూడండి. 29 ఊళ్ళలో ముప్పై మూడు వేల ఎకరాలకు పైగా సమీకరించారు. పట్టా భూమి ఇచ్చిన రైతుకు ఎకరాకు వెయ్యి గజాల ఇంటి స్థలం. అసైన్డ్ భూమి ఇచ్చినవాడికి, అంటే ఎక్కువగా మనవాళ్ళకు, 2016 జీవో 41 ప్రకారం అంతకంటే తక్కువ. మట్టి ఒకటే, నది ఒకటే, పైరు ఒకటే, గజాలు వేరు. 1977 చట్టం ప్రకారం అప్పట్లో అసైన్డ్ భూమి అమ్మడానికి వీల్లేదు, కొన్నా చెల్లేది కాదు. అయినా రాజధాని వస్తుందని తెలిసేసరికి భయపెట్టి చవగ్గా రాయించుకున్నవాళ్ళున్నారని అక్కడి మాలపల్లెల్లో చెబుతూనే ఉన్నారు. తర్వాతి ప్రభుత్వం అక్కడ యాభై వేల పేద కుటుంబాలకు సెంటు స్థలం ఇస్తానన్నది. దాని కోసం ఆర్–5 జోన్ పెట్టింది, 2023 మే నెలలో పట్టాలు పంచింది, ఆగస్టులో హైకోర్టు ఇళ్ళ నిర్మాణం ఆపింది. ఆ ప్రభుత్వానికి పేదలమీద ప్రేమో, ప్రత్యర్థి రాజధాని మీద కసో, రెండోదే ఎక్కువని నా అనుమానం. కానీ ఆ గొడవలో వినిపించిన ఒక మాట మాత్రం నేను మరిచిపోను: పేదలు వస్తే "జనాభా సమతుల్యత" చెడిపోతుందట. ఆ మాటను తెలుగులో అనువదించమని నా విద్యార్థులకు పరీక్షలో ఇవ్వాలనుంది. ఒక్క పదం చాలు. వెలివాడ.

ఆ పదం దగ్గర హైదరాబాద్ చేతులు కడుక్కోలేదు. గుంటూరు పిల్లవాడు రోహిత్ వేముల హైదరాబాద్‌నే ఎంచుకున్నాడు. హాస్టల్ నుంచి వెళ్ళగొడితే అయిదుగురు పిల్లలు క్యాంపస్‌లో ఆరుబయట గుడారం వేసుకుని దానికి వెలివాడ అని పేరు పెట్టారు. 2016 జనవరి 17 మనందరికీ తెలుసు. మా ఇంటికి కూతవేటు దూరంలో సరూర్‌నగర్‌లో 2022 మే నెలలో, కులం మతం దాటి పెళ్ళి చేసుకున్నందుకు ఒక దళిత యువకుణ్ణి నడిరోడ్డు మీద చంపారు. జనం చుట్టూ నిలబడి ఫోన్లలో తీశారు. 2024 సెప్టెంబరులో మూసీ ఒడ్డున మూసారాంబాగ్, చాదర్‌ఘాట్ వైపు ఇళ్ళ గోడల మీద ఎర్రరంగుతో ఆర్‌బీ–ఎక్స్ అని రాశారు. ఆ గోడల వెనుక ఎవరుంటారో చెప్పాల్సిన పని లేదు. అక్కడ ఆర్–5, ఇక్కడ ఆర్‌బీ–ఎక్స్. రెండు నగరాలూ పేదవాడికి ఇంగ్లీషు అక్షరాలే ఇచ్చాయి.

సరే, కోపం పక్కన పెట్టి లెక్క చూద్దాం. మాకు అసలు లెక్క గజం రేటు కాదు, పాప.

తెలంగాణలో 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కువ ఏళ్ళు ఎక్కడ చదివితే అక్కడ లోకల్. ఉద్యోగాల్లో 95 శాతం లోకల్‌కే. పాప నాలుగో తరగతి నుంచి విజయవాడలో చదివితే తెలంగాణలో నాన్‌లోకల్. ఆంధ్రలో లోకల్ అవుతుంది, బాగానే ఉంది. మరి కులం సర్టిఫికెట్? 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఆంధ్ర నుంచి తండ్రి ఉద్యోగంతో బొంబాయి పోయిన ఎస్టీ పిల్లవాడు మెడికల్ సీటు అడిగితే, నీ హోదా నీ రాష్ట్రం దాకానే అన్నది. 2021లో బిహార్–జార్ఖండ్ కేసులో, విడిపోయిన రాష్ట్రాలవాళ్ళు ఏదో ఒక చోటే రిజర్వేషన్ అడగాలి, రెండో చోట వలసవాళ్ళే అన్నది. అంటే మా పాప అక్కడ లోకల్, కానీ ఎస్సీ కాకపోవచ్చు. ఇక్కడ ఎస్సీ, కానీ లోకల్ కాదు. తల్లి వైపు నుంచి అడగొచ్చు కదా అని లా చదివే తమ్ముడొకడు అన్నాడు. అడగొచ్చు తమ్మీ. అది కోర్టు మెట్లెక్కి చేసే వాదన, మీసేవ కౌంటర్‌లో నడిచే వాదన కాదు.

ఇంకో చిక్కు. నేను మాదిగ, ఆమె మాల. వర్గీకరణ మా ఇంట్లో పెళ్ళినాడే అయిపోయింది, అది వేరే సంగతి. 2025 ఏప్రిల్‌లో రెండు రాష్ట్రాలూ లెక్కలు వేశాయి. తెలంగాణలో మాదిగలున్న గ్రూపుకు 9 శాతం, మాలలున్న గ్రూపుకు 5. ఆంధ్రలో 6.5, 7.5. ఆమె కృష్ణ దాటి ఇటొచ్చి తన ఏడున్నర పోగొట్టుకుంది, నేను అటు పోతే నా తొమ్మిది పోతుంది. స్టాఫ్‌రూమ్ మిత్రుడు బస్సెక్కితే ఆయన భూమి ఆయన వెంటే వస్తుంది, ఆయన కులం పలుకుబడి ఆయనకంటే ముందే విజయవాడలో దిగుతుంది. రాష్ట్రం దాటితే ఆగిపోయేది మన సర్టిఫికెట్ ఒక్కటే. మాల, మాదిగ అని మాత్రం నది రెండు వైపులా పిలుస్తారు. ఆ పిలుపుకు బోర్డర్ చెక్‌పోస్టు లేదు.

1955లోనే భాషా రాష్ట్రాల మీద రాస్తూ అంబేద్కర్ ఇదే భయపడ్డాడు. ఆంధ్రలో భూమి, ఉద్యోగం, వ్యాపారం రెండు మూడు పెద్ద కులాల చేతుల్లో ఉన్నాయని, రాష్ట్రం కూడా వాళ్ళదే అవుతుందని పేర్లతో సహా రాశాడు. ఇప్పుడు ఒకటి కాదు, రెండు రాష్ట్రాలు. మనం రెండింటికీ జెండాలు మోశాం.

అన్నీ చెప్పాక నా సహచరి ఒకే మాట అంది: "నీ లెక్కలన్నీ నిజమే. కానీ అక్కడ ఫొటో హాల్లో పెట్టుకోగలమా చెప్పు." అందుకే పోయిన గురువారం విజయవాడలో మూడు టులెట్ నంబర్లకు ఫోన్ చేశాను. ఈసారి అడగకముందే మొదటి వాక్యంలోనే మాదిగలమని చెప్పాను. ఒకాయన కట్ చేశాడు. ఒకావిడ ఇంట్లో అడిగి చెబుతానంది, ఇంకా అడుగుతూనే ఉంది. మూడో ఆయన ముసలాయన, రిటైర్డ్ రైల్వే. "అయితే ఏవిటంట? అడ్వాన్స్ రెండు నెలలు" అన్నాడు. పేరు అడిగితే అర్థమైంది, మనవాడే.

మేం పోవడం లేదు. హైదరాబాద్ గొప్పదని కాదు. పాప లోకల్ కావాలి, నా తొమ్మిది నిలవాలి, ఎనిమిది వేలు నష్టం భరిస్తాం. ఈ ఇంటి పదకొండు నెలల అగ్రిమెంటు వచ్చే ఒకటో తారీకున మళ్ళీ రాయాలి. ఆ కాగితం మీద సంతకం పెట్టేముందు ఓనర్‌కు చెబుతాను. ఖాళీ చేయమంటే ఖాళీ చేస్తాం, కానీ నోటితో అననివ్వను, రాసిమ్మంటాను. 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం నాలుగో సెక్షన్ తీసి చదవండి. అంటరానితనం కారణంగా ఏ ఊళ్ళోనైనా ఇల్లు కట్టుకోకుండా, కొనకుండా, అందులో ఉండకుండా అడ్డుపడడం నేరమని ఉంది. ఆ చట్టం వచ్చి డెబ్బై ఏళ్ళు. అద్దె ఇంటి కోసం దాన్ని వాడినవాడు నాకు ఇంతవరకు ఒక్కడూ ఎదురుపడలేదు. నేనూ వాడలేదు.

దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్బీనగర్‌లో కోచింగ్ కోసం వచ్చి గది వెతుకుతున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక పని. కాదన్న ప్రతి ఇంటికి తేదీ, వీధి, వాళ్ళన్న మాట రాసి పెట్టుకోండి. వాట్సాప్ మెసేజ్ ఉంటే తుడిపేయకండి. నా పదకొండు ఇళ్ళ జాబితా నేను రాయడం మొదలుపెట్టాను. నాలుగు వీధులు ఇంకా గుర్తు రావాలి.