మనుమడు కాదు... నా కొడుకే!

వేములవాడ రాజన్న గుడిలో కోడె మొక్కు తీర్చుకునే జంటలను మీరు చూసే ఉంటారు. సంతానం కోసం మొక్కుకునేవారూ, బిడ్డను ఎత్తుకుని మొక్కు చెల్లించడానికి వచ్చినవారూ అక్కడ కనిపిస్తారు. వారిలో తల నెరిసిన తండ్రులూ ఉంటారు. పక్కనున్నవారు ‘మనుమడా కాకా?’ అని అడిగితే కొందరు తల దించుకుంటారు. ఎందుకు దించుకోవాలి? ‘మనుమడు కాదు, నా కొడుకే. కొంచెం లేటుగా వచ్చిండు’ అని నవ్వుతూ చెప్పండి. నలభై దాటాక తండ్రి కావడం తప్పు కాదు, నామోషీ అంతకన్నా కాదు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఈ ఆలస్యానికి కారణం చాలాసార్లు జబ్బు కాదు, బతుకుదెరువు. చెల్లెళ్ల పెళ్లిళ్లు, గల్ఫ్ ఏజెంటుకు కట్టిన అప్పు, సొంతిల్లు... ఇవన్నీ తీరేసరికి వయసు ముప్పై అయిదు దాటుతుంది. పెళ్లయ్యాక రెండేళ్లకోసారి రెండు నెలల సెలవు దొరుకుతుంది. గర్భం నిలిచే అవకాశం ఉన్న రోజులు నెలకు ఆరుకు మించవు. అంటే రెండేళ్లలో ఆ దంపతులకు దక్కేవి పది, పన్నెండు రోజులే! అయినా ఊరంతా ‘ఏమన్న విశేషమా?’ అని అడిగేది మాత్రం భార్యనే.

అందుకే మొదటి మాట భర్తలకు. సంతానం ఆలస్యమైన జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపూ ఏదో ఒక కారణం ఉంటుంది. వీర్య పరీక్ష తేలికైనది, నొప్పి ఉండదు. భార్యకు స్కానింగుల మీద స్కానింగులు చేయించే ముందే ఈ పరీక్ష చేయించుకోండి. వీర్యకణాలు తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. కాబట్టి సెలవుకు వచ్చాక కాదు, రావడానికి మూడు నెలల ముందే సిగరెట్, గుట్కా, మందు మానాలి. బలానికని డాక్టరును అడగకుండా టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు తీసుకోవద్దు. వాటివల్ల వీర్యకణాలు తగ్గిపోతాయి. భార్య వయసు 35 దాటితే ఏడాది ఆగకుండా ఆరు నెలలకే డాక్టరును కలవండి.

‘మగాడికి వయసుతో పనేముంది?’ అనేవారికి ఒక మాట. తండ్రి వయసు పెరిగేకొద్దీ వీర్యకణాల్లో జన్యు మార్పులు పెరుగుతాయి. ఆటిజం వంటి కొన్ని సమస్యల ముప్పు కాస్త ఎక్కువవుతుంది. అయినా ఎక్కువ మందికి పుట్టేది ఆరోగ్యవంతులైన పిల్లలే. భయం వద్దు, నిర్లక్ష్యమూ వద్దు.

2019లో గుంటూరులో డెబ్బై దాటిన మహిళ ఐవీఎఫ్‌తో కవలలకు జన్మనిచ్చినప్పుడు దేశమంతా చర్చ జరిగింది. భర్త వయసు ఎనభైకి అటూ ఇటూ. ‘ఈ పిల్లలను ఎవరు పెంచుతారు?’ అన్నదే అందరి ప్రశ్న. 2021లో వచ్చిన చట్టం ఇలాంటి చికిత్సలకు మహిళలకు 50, పురుషులకు 55 ఏళ్ల హద్దు పెట్టింది.

ఆ ప్రశ్న నలభై అయిదేళ్ల తండ్రికీ వర్తిస్తుంది. బిడ్డ డిగ్రీ పూర్తి చేసేసరికి మీకు అరవై ఆరు. అప్పటికి మీరు ఉండటమే కాదు, మంచం పట్టకుండా ఉండాలి. 30 ఏళ్లు దాటినవారికి పల్లె దవాఖానల్లో బీపీ, షుగర్ ఉచితంగా చూస్తారు. ‘నాకేమైంది, మంచిగనే ఉన్న’ అంటూ తప్పించుకోకండి. బీపీ, షుగర్ చాలామందిలో చప్పుడు లేకుండానే మొదలవుతాయి. రోజూ అరగంట నడవండి. తోడు కావాలంటే ఇంట్లోనే ఉంది కదా, ఆగమన్నా ఆగని రెండేళ్ల కోచ్!

లేటు వయసు తండ్రికి కొన్ని లాభాలూ ఉన్నాయి. అప్పులు కొంత తీరి ఉంటాయి, ఓపిక పెరిగి ఉంటుంది, రాత్రి నిద్ర ఎలాగూ తక్కువే! బిడ్డ ఏడిస్తే లేచేది మీరే కావచ్చు. ఈ వారమే బీపీ, షుగర్ చూపించుకోండి. వెళ్లేటప్పుడు బిడ్డను చంకనెత్తుకుని వెళ్లండి. ‘మనుమడా?’ అని నర్సమ్మ అడిగితే ఏం చెప్పాలో మీకు తెలుసు.