మొక్క ధర కాదు, నీళ్ల ధర చూడండి

సంపాదకులకు,

గనుల భూములను బాగుచేసే ఖర్చుపై మీరు వేసిన వ్యాసం హెక్టారుకు ఇన్ని మొక్కలు, ఇంత ధర అని తేల్చేసింది. కోస్తాలో ఆ లెక్క కుదురుతుందేమో గానీ మా అనంతపురంలో కుదరదు. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయే వాన మాది. మొక్క కంటే, దాన్ని నాలుగు ఎండాకాలాలు దాటించే ట్యాంకరు నీళ్లకే ఎక్కువవుతుంది.

అసలు మొక్కల దాకా రావడానికి ముందే బోలెడు పని ఉంది. ఓబుళాపురం వైపు ఇనుప గనుల కొండల్లో పోసిన వ్యర్థపు మట్టి గుట్టలను మెట్లు మెట్లుగా సరిచెయ్యాలి. ఒక్క గట్టి వానకు ఆ మట్టి చేలల్లోకి, చెరువుల్లోకి దిగకుండా రాతికట్టలు వెయ్యాలి. పైమట్టిని తవ్వకం మొదట్లోనే విడిగా తీసి దాచకపోతే తర్వాత ఎక్కణ్నుంచో తోలుకురావాలి. అంటే ఇంకో ఊరి పొలం గుల్ల!

ఇన్ని పనులకూ గని యజమాని నుంచి గనుల నిబంధనలు అడిగే పూచీ సొమ్ము ఎంతంటే, వాటి 2021 సవరణ తర్వాత ‘ఏ’ తరగతి గనికి హెక్టారుకు 5 లక్షలు, ‘బి’ తరగతికి 3 లక్షలు. పక్కనే బళ్లారిలో హద్దు మీరి తవ్విన గుంతలకు సుప్రీంకోర్టు 2013లో హెక్టారుకు 5 కోట్ల పరిహారం ఖరారు చేసింది. అది అక్రమానికి వేసిన మొత్తమే, పునరుద్ధరణ అంచనా కాదు. అయితే అక్కడ గనికో పునరుద్ధరణ ప్రణాళిక కూడా అడిగారు, అంటే ఒక్కో గని లెక్క వేరన్నమాట. తాడిపత్రి సున్నపురాయి గుంతకూ ఓబుళాపురం ఇనుప కొండకూ ఒకే రేటేమిటి?

వ్యాసకర్త నీళ్లకూ, కాపలాకూ ఎన్నేళ్ల ఖర్చు కట్టారో ఆ పట్టికను కూడా ప్రచురించండి.

— ఒక పాఠకుడు, రాయదుర్గం