కళాసీ మీద అరిచే ముందు కాటా చూడండి

ఈ మాట కొందరికి నచ్చదు, అయినా రాస్తున్నాను.

పూర్ణా మార్కెట్‌కి కూరగాయలు వేసే మనవాళ్లు నలుగురు కలిస్తే ఒకటే గోల. "బస్తాలో కాయలు తీసేస్తున్నారు, అడగాలా ఊరుకోవాలా?" పెద్దోళ్లు పోనీలేరా అంటారు. కుర్రాళ్లు పట్టుకుని నాలుగు తగిలిద్దాం అంటారు.

నా మటుకు నేను అడగాలనే అంటాను. రోజుకి కిలో చొప్పున వంద రోజులు పోతే క్వింటా. క్వింటా వంకాయ మనకెవడైనా ఊరికే ఇస్తాడా?

కానీ ముందు, నిజంగా పోయిందా? సాయంత్రం కోసి, నీళ్లు చల్లి, తడి గోనెలో కట్టిన తోటకూర తెల్లారేసరికి అదే తూకం ఉండదు. ఆటోలో గాలికి తడి ఆరిపోతుంది, ఆకు వాడిపోతుంది. బెండ, వంకాయ కూడా కొంచెం తగ్గుతాయి. అది ఎవడూ తిన్నది కాదు. బస్తాకి నెంబరు వేసి, తడి లేకుండా తూచి, చీటీ రాసి, మూతి కుట్టి ఫొటో తీసుకున్నోడికే అడిగే నోరుంటుంది.

రెండోది, మన అనుమానం ఎవరి మీద పడుతోంది? కళాసీ మీద, ఆటో కుర్రాడి మీద, కిందపడ్డ కాయలేరుకునే ముసలమ్మ మీద. కాటా దగ్గర కూర్చున్నాయన మీద పడదు. ఎందుకంటే పెట్టుబడికి అడ్వాన్సు ఇచ్చింది ఆ షాపే కదా! ఒక షాపులో నాకు బస్తాకి రెండు కిలోలు తరుగు తీశారు. పుచ్చు కాయ లేదు కదండీ, దేనికి అంటే "అందరికీ అంతే" అన్నారు. రెండు కాయలు తీస్తే దొంగ, రెండు కిలోలు తీస్తే మామూలా? ఎలక్ట్రానిక్ కాటాకి ఏడాదికోసారి, తూకం రాళ్లకి రెండేళ్లకోసారి తూనికలు కొలతల శాఖ ముద్ర పడాలి. ముద్ర చూపించండి అని మనలో ఎంతమంది అడిగాం?

నాలుగు తగిలిద్దాం అనే కుర్రాళ్లూ, కేరళ అట్టప్పాడిలో 2018 ఫిబ్రవరి 22న ఏం జరిగిందో తెలుసుకోండి. బియ్యం దొంగిలించాడని మధు అనే ఆదివాసీని కట్టి కొట్టారు. చనిపోయాడు. 2023లో కోర్టు 14 మందిని దోషులంది, 13 మందికి ఏడేళ్ల జైలు. అదే కొత్త న్యాయ సంహిత చూడండి: 5,000 రూపాయల లోపు దొంగతనం, మొదటిసారి, సొత్తు తిరిగిస్తే సమాజ సేవే శిక్ష. చట్టమే అంత చూసి చేస్తుంటే మనం కర్రలెత్తడమేటి?

కళాసీని పక్కకి పిలవండి, ఒక టీ ఇప్పించండి. "బాబూ, చీటీలో 41 ఉంది, ఇక్కడ 38 వచ్చింది, దార్లో ఏటయింది?" అనండి, అంతే. పదిమందిలో దొంగ అంటే రేపు అతనికి ఏ షాపూ మూట ఎత్తనివ్వదు. తర్వాత ఆ మూడు కిలోలు కాటాలోనే పోయాయని తేలితే ఆ పేరు మీరు తెచ్చిస్తారా?

కాటా దగ్గర మాత్రం టీలొద్దు. అందరూ వినేలా అడగాలి. ఒక్కడే అడిగితే మర్నాడు సరుకు దింపుకోరన్న భయం నాకూ తెలుసు. అందుకే పిలుస్తున్నాను. మంగళవారం తెల్లారగట్ల నా వంకాయ దిగుతుంది, ప్రతి బస్తాకీ నెంబరు ఉంటుంది. మీరూ చీటీలు రాసుకుని రండి, ముద్ర ఎక్కడుందో కలిసి అడుగుదాం.